ఇన్‌హేలర్ ఖర్చు ఎవరిది? మిగులు ఎవరిది?

దమ్ము వస్తోందని దవాఖానాకు పోయిన మనిషికి ముందు ఏ పరీక్ష చేయాలి, ఏ మందు రాయాలి, ఏది రాయకూడదు అన్నది పూర్తిగా డాక్టర్ ఇష్టం మీద నడిచే వ్యవహారం కాదు. దానికి రాసిపెట్టిన పద్ధతి ఉంది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీకి, గోల్డ్ అనే అంతర్జాతీయ సంస్థ 2001లో మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది, ఇప్పుడు ప్రతి ఏడాదీ సవరిస్తోంది. మన దేశపు ఛాతీ వైద్యుల సంఘాలు రెండు కలిసి 2013లో ఇక్కడి పరిస్థితులకు తగినట్టు ఇంకొకటి రాసుకున్నాయి.

ఈ మార్గదర్శకాల మీద మన మిత్రుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఉస్మానియా క్యాంపస్‌లో ప్రజారోగ్యం మీద ఏ చర్చ పెట్టినా రెండూ వస్తాయి. అవి ధనిక దేశాల కోసం రాసినవి, కంపెనీల మందులు అమ్మడానికి పనికొస్తాయి తప్ప బస్తీ మనిషికి కాదు అన్నది ఒక మాట. మార్గదర్శకాలు పాటిస్తే జబ్బు ముదరదు, ఆసుపత్రి ఖర్చు తగ్గుతుంది, కాబట్టి పేదవాళ్లకే ఎక్కువ లాభం అన్నది రెండోది. నా పీహెచ్‌డీ పని ఆరోగ్య ఖర్చుల మీద కాబట్టి ఈ రెండింటినీ లెక్క వేసి చూశాను. రెండూ సగం సగమే నిజం. ఖర్చు ఒకరి జేబులో నుంచి పోతోంది, మిగులు ఇంకొకరి ఖాతాలో పడుతోంది. అసలు చిక్కు అక్కడుంది.

ముందు జబ్బు గురించి కొంచెం. ఆస్తమాలో గాలి గొట్టాలు బిగుసుకుంటాయి, చాలావరకు మళ్లీ తెరుచుకుంటాయి. సీఓపీడీలో అలా కాదు. ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పీల్చీ పీల్చీ గొట్టాలు ఇరుకైపోతాయి, గాలి తిత్తులు చెడిపోతాయి. పోయిన భాగం తిరిగి రాదు. మొదట మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, చివరికి స్నానం చేసినా ఆయాసం. మధ్య మధ్యలో ఒక్కసారిగా ముదిరి ఊపిరాడక ఆసుపత్రికి ఎత్తుకుపోవాల్సిన రోజులు వస్తాయి. ఇలా ముదిరిన ప్రతిసారీ మనిషి ఒక మెట్టు కిందికి దిగుతాడు.

లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2018లో అచ్చయిన లెక్క ప్రకారం మన దేశంలో సీఓపీడీ ఉన్నవాళ్లు 1990లో 2.81 కోట్లు, 2016 నాటికి 5.53 కోట్లు. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం, దీర్ఘకాలిక శ్వాస జబ్బుల భారంలో మాత్రం 32 శాతం. కారణాల దగ్గరికి వస్తే మన ఊహలు తలకిందులవుతాయి. ఇక్కడి సీఓపీడీ భారంలో 53.7 శాతం గాలి కాలుష్యం వల్ల, ఇందులో కట్టెల పొయ్యి పొగ కూడా కలిసి ఉంది. పొగాకు వల్ల 25.4 శాతం. చేసే పని వల్ల 16.5 శాతం. ఈ అధ్యయనంలో రాష్ట్రాలవారీగా అంకెలున్నాయి, కులాలవారీగా లేవు. అయినా కట్టెల పొయ్యి ముందు ఎవరు ఎక్కువ కాలం కూర్చున్నారో, రోడ్డు మీద చీపురు ఎవరి చేతిలో ఉందో, క్రషర్ దగ్గర రాయి ఎవరు మోస్తున్నారో మనకు కొత్తగా చెప్పేదేం లేదు. టీబీ వచ్చి తగ్గినవాళ్లకు ఈ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ. ఇరుకు గదుల్లో, అరకొర తిండితో టీబీ ఎవరి ఇళ్లలో తిరుగుతోందో కూడా తెలుసు.

ఇక మార్గదర్శకాల సంగతి. అవి ఖరీదైనవి అన్న మాట ముందు చూద్దాం. నిజానికి వాటిలో చాలా భాగం "ఇది చేయొద్దు" అనే చెబుతుంది, ఆ భాగం పాటిస్తే రోగికి డబ్బు మిగులుతుంది.

మొదటి నియమం, స్పైరోమెట్రీ లేకుండా సీఓపీడీ అని తేల్చకూడదు. గొట్టంలోకి బలంగా ఊదే పరీక్ష ఇది. మందు పీల్చాక మొదటి సెకనులో బయటికొచ్చే గాలి మొత్తం గాలిలో 0.70 వంతు కంటే తక్కువ ఉంటేనే సీఓపీడీ. మన గల్లీ క్లినిక్‌లలో దగ్గు, ఆయాసం అనగానే ఈ పరీక్ష లేకుండానే ఇన్‌హేలర్ రాసేస్తారు. గుండె జబ్బు వల్లనో, రక్తహీనత వల్లనో ఆయాసం వచ్చే మనిషి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల మందు కొంటూనే ఉంటుంది. ఒక్క పరీక్ష ఎగ్గొట్టినందుకు ఎన్ని నెలల మందులు దండగో లెక్క వేసుకోండి.

రెండోది స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్. మన దగ్గర అలవాటుగా రాసేది ఇదే. గోల్డ్ మాత్రం అందరికీ వద్దంటుంది. తరచూ జబ్బు ముదిరేవాళ్లకు, రక్తంలో ఇసినోఫిల్ కణాలు 300కు పైన ఉన్నవాళ్లకు దీనితో మేలు ఎక్కువ, 100 కంటే తక్కువ ఉంటే మేలు కంటే కీడే ఎక్కువ. ఆ సంఖ్య తెలియడానికి హైదరాబాద్‌లో ప్రతి ల్యాబ్‌లో చేసే మామూలు సీబీపీ రక్తపరీక్ష చాలు. 2007లో వచ్చిన టార్చ్ అనే పెద్ద ట్రయల్‌లో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడినవాళ్లలో న్యుమోనియా ఎక్కువ కనిపించింది. టీబీ ముప్పు కూడా పెరుగుతుందని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. టీబీ ఇంకా ఇంటింటి జబ్బుగా ఉన్న బస్తీలో ఇది చిన్న విషయం కాదు.

గోల్డ్‌కు మందుల కంపెనీల నిధులు అందాయన్నది దాచిన సంగతేమీ కాదు, అనుమానంతో చదవాల్సిందే. అయితే అదే గోల్డ్ 2023లో స్టెరాయిడ్, లాబా అనే రెండు మందులు మాత్రమే కలిపిన ఇన్‌హేలర్లను సీఓపీడీకి ప్రోత్సహించబోమని రాసింది. ఆ జంట ఇన్‌హేలర్లు కంపెనీలకు ఏళ్ల తరబడి బాగా అమ్ముడుపోయిన సరుకు.

మూడోది, జబ్బు ముదిరినప్పుడు వాడే స్టెరాయిడ్ మాత్రలు. స్విట్జర్లాండ్‌లో చేసి 2013లో ప్రచురించిన రెడ్యూస్ అనే ట్రయల్‌లో 5 రోజుల కోర్సు, 14 రోజుల కోర్సు ఒకేలా పనిచేశాయి. కాబట్టి 5 రోజులు చాలు. మన దగ్గర ఒకసారి రాసిన చీటీ పట్టుకుని మెడికల్ షాపులో నెలల తరబడి అవే మాత్రలు కొనుక్కునేవాళ్లు ఉన్నారు. తిన్నరోజు ఒంట్లో బాగుంటుంది మరి. షుగర్ రావడం, ఎముకలు గుల్లబారడం తర్వాత తెలుస్తుంది, ఆ ఖర్చు వేరే చీటీ మీద వస్తుంది. యాంటీబయాటిక్ కూడా అంతే. కళ్లె రంగు మారి చీములా వస్తూ, దానితోపాటు ఆయాసమో కళ్లె పరిమాణమో పెరిగినప్పుడే మొదలుపెట్టాలి, దమ్మొచ్చిన ప్రతిసారీ కాదు.

ఇక్కడిదాకా మార్గదర్శకం పేదల పక్షానే ఉంది. పాటించకపోవడం వల్ల లాభపడేది మెడికల్ షాపు, గల్లీ నర్సింగ్‌హోమ్.

"ఇది చేయాలి" అన్న భాగానికి వస్తే లెక్క మారుతుంది. సీఓపీడీకి అసలు మందు రోజూ పీల్చాల్సిన, ఎక్కువసేపు పనిచేసే ఇన్‌హేలర్. టియోట్రోపియం లాంటివి. దీని మీద నాలుగేళ్లు నడిచి 2008లో ఫలితాలు వచ్చిన అప్‌లిఫ్ట్ ట్రయల్ ఒక నిజాయితీ గల జవాబు ఇచ్చింది. ఊపిరితిత్తుల శక్తి తగ్గే వేగాన్ని ఈ మందు ఆపలేదు. కానీ జబ్బు ముదిరే సందర్భాలు 14 శాతం తగ్గాయి, మనుషులు కొంత మెరుగ్గా బతికారు.

దీన్ని మన మనిషి మీద పెట్టి చూద్దాం. తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ ఎన్‌సీసీ గేటు వైపు పొద్దున్నే రోడ్డు ఊడ్చే 50 ఏళ్లు దాటిన ఒక అక్కను ఊహించుకోండి. ఆమె ఎప్పుడూ బీడీ ముట్టలేదు. గ్యాస్ రాకముందు 20 ఏళ్లు కట్టెల మీద వండింది, ఆ తర్వాత చీపురు పట్టింది. ఏడాదికి 4 సార్లు దమ్ము ముదురుతుంది. కింది అంకెలన్నీ లెక్క కోసం నేను అనుకున్నవే, మీ బస్తీలో కనుక్కుని మార్చుకోండి. ముదిరిన ప్రతిసారీ క్లినిక్‌కు, మందులకు 1,500 రూపాయలు. 5 రోజులు పని పోతే రోజుకు 500 చొప్పున 2,500. మొత్తం 4,000. ఏడాదికి 16,000.

ఇప్పుడామె మార్గదర్శకం ప్రకారం నడిచిందనుకుందాం. ఇన్‌హేలర్ నెలకు 600, ఏడాదికి 7,200. రెండుసార్లు పెద్దాసుపత్రికి పోయినందుకు రెండు రోజుల కూలి 1,000. పరీక్షకు 800. ఇవి మొత్తం 9,000. మందు బాగా పనిచేసి 4 సార్లు ముదిరేది 3 సార్లకు తగ్గిందనుకుంటే, ఇది ట్రయల్‌లో కనిపించిన దానికంటే ఎక్కువే, ఆ మూడింటి ఖర్చు 12,000. కలిపితే 21,000. అంటే పాటించినందుకు ఆ ఇంటికి ఏడాదికి 5,000 ఎక్కువ ఖర్చు.

మన సభల్లో చెప్పే "ముందే జాగ్రత్తపడితే డబ్బు మిగులుతుంది" అన్న మాట ఈ ఇంటి లెక్కలో నిలబడదు. ఆ 5,000తో ఆమె కొనుక్కున్నది ఊపిరి. మనవరాలిని ఎత్తుకుని నడవగలగడం, రాత్రి పడుకుని నిద్రపోగలగడం. అది విలువైనదే, కానీ కిరాణా షాపులో చెల్లే విలువ కాదు. అందుకే ఒక నెల ఇన్‌హేలర్ కొని, ఒంట్లో బాగుండగానే రెండు నెలలు మానేస్తారు. దీన్ని డాక్టర్ల భాషలో రోగి సహకరించకపోవడం అంటారు. ఆమెకు అది ఫీజు కట్టాలా, మందు కొనాలా అన్న లెక్క. బాధేమిటంటే ఇలా అరకొరగా వాడటమే అన్నిటికంటే నష్టం. ఖర్చు కొంత తప్పదు, ఫలితం దాదాపు ఉండదు.

అదే ఇన్‌హేలర్, పరీక్ష ప్రభుత్వం ఉచితంగా ఇస్తే? అప్పుడు ఆమె ఖర్చు 12,000కు రెండు రోజుల కూలి కలిపి 13,000. ముందు 16,000 పెట్టేది కాబట్టి 3,000 మిగులుతుంది. అదే రోగం, అదే మందు, అదే ట్రయల్ ఫలితం. మారిందల్లా బిల్లు మీద పేరు.

ఇక మిగులు ఎవరి ఖాతాలో పడుతోందో చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఊపిరాడక ఆసుపత్రిలో చేరితే పథకం ఉంది. చేరకుండా ఉండటానికి నెల నెలా కొనే ఇన్‌హేలర్‌కు ఆ పథకం లేదు. ఆమె సొంత డబ్బుతో క్రమంగా మందు వాడి ఒక అడ్మిషన్ తప్పించుకుంటే ఆ బిల్లు మిగిలేది ప్రభుత్వానికి. ప్రభుత్వం ఆదా చేసుకోవడానికి ఊడ్చే మనిషి పెట్టుబడి పెడుతోందన్నమాట. ప్రైవేటు ఆసుపత్రికైతే ఆమె చేరితేనే రాబడి.

జాతీయ అత్యవసర మందుల జాబితాలో టియోట్రోపియం ఉంది. 2010లో మొదలైన జాతీయ అసంక్రమిత వ్యాధుల కార్యక్రమంలో మొదట కేన్సర్, షుగర్, గుండె జబ్బులు, పక్షవాతం పేర్లే ముందుండేవి. 2023లో పేరు మార్చినప్పుడు సీఓపీడీ, ఆస్తమాలను స్పష్టంగా చేర్చారు. కాగితం మీద దారి ఉంది. బీపీ, షుగర్ మాత్రలు బస్తీ దవాఖానాలో చేతికి ఇస్తున్నట్టు ఈ ఇన్‌హేలర్ కూడా ఇవ్వాలన్న డిమాండ్ కొత్త సిద్ధాంతమేమీ అడగడం లేదు.

పరీక్ష దగ్గర ఇంకో ఇబ్బంది. బస్తీ దవాఖానాలు 2018లో వచ్చాయి. అక్కడ తీసిన రక్తం తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు బండిలో పోతుంది, ఫలితం ఫోన్‌కు వస్తుంది. మంచి ఏర్పాటు. కానీ రక్తాన్ని సీసాలో పంపినట్టు ఊపిరిని పంపలేం. మనిషే యంత్రం దగ్గరికి పోవాలి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి తార్నాక నుంచి మెట్రోలో పోతే అమీర్‌పేటలో మారాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి మన అక్కకు చార్జీ ఉండదు. ఆ రోజు కూలి మాత్రం పోతుంది. ఆమె భర్తకైతే రెండూ పోతాయి.

ఈ యంత్రం గురించి పక్కమాట ఒకటి. స్పైరోమీటర్‌ను 1846లో ఇంగ్లండ్‌లో జాన్ హచిన్సన్ తయారుచేశాడు. కొన్నేళ్లకే అమెరికా దక్షిణాది వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ దాన్ని చేతబట్టి నల్లజాతి బానిసల ఊపిరితిత్తులు పుట్టుకతోనే తక్కువవని, కాబట్టి వాళ్లకు తోటల్లో చాకిరీయే మేలని వాదించాడు. ఆ ఆలోచన "జాతి సవరణ" పేరుతో యంత్రం లోపలి లెక్కల్లో చాలాకాలం మిగిలిపోయింది. చరిత్రకారిణి లండీ బ్రాన్ 2014లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతితో పనిలేని కొలతలు వాడమని 2023లో చెప్పింది. పైన చెప్పిన 0.70 నిష్పత్తి మీద ఈ సవరణ ప్రభావం తక్కువే. జబ్బు తీవ్రతను శాతంలో చెప్పేటప్పుడు తేడా వస్తుంది. తక్కువ తిని పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగవు. ఆ చిన్న ఊపిరితిత్తినే "ఇక్కడి వాళ్లకు మామూలు" అని యంత్రానికి నేర్పిస్తే, ఆకలి చేసిన నష్టం రిపోర్టులో కనిపించకుండా పోతుంది. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పిల్లల తిండికీ పెద్దయ్యాక వచ్చే దమ్ముకూ ఉన్న ఈ సంబంధం మీద పనిచేయదలచిన విద్యార్థులకు అది నడిచిపోయేంత దూరం.

ఇంటి దగ్గర ఆక్సిజన్ విషయంలో మార్గదర్శకం చాలా కచ్చితంగా ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయి 88 శాతానికో అంతకంటే కిందికో చేరి, అక్కడే నిలిచిపోయినవాళ్లు రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఆక్సిజన్ తీసుకుంటే ఆయుష్షు పెరుగుతుంది. 1980, 1981లో అమెరికా, బ్రిటన్‌లలో వచ్చిన రెండు అధ్యయనాలు దీన్ని చూపాయి. ఒక మోస్తరుగా తగ్గినవాళ్లకు మాత్రం లాభం లేదని 2016లో వచ్చిన అమెరికా ట్రయల్ తేల్చింది. కాబట్టి 92 దగ్గర ఉన్న మనిషికి అప్పు చేసి కాన్సంట్రేటర్ కొనమని ఎవరైనా చెబితే ఆగి అడగండి.

నిజంగా అవసరమైన ఇంట్లో కరెంటు లెక్క వేసి చూడండి. 5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు లాగుతుంది. రోజుకు 15 గంటలంటే 5 యూనిట్లకు పైనే, నెలకు 157 దాకా. గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల వరకే సున్నా బిల్లు. మిగిలిన 43 యూనిట్లలో ఫ్యాను, లైట్లు, టీవీ, ఫ్రిజ్ నడవాలి. నడవవు. 200 దాటిన నెలలో మొత్తం యూనిట్లకు బిల్లు కట్టాలి. ఊపిరి కోసం పెట్టిన యంత్రం ఆ ఇంటిని ఉచిత కరెంటు పథకం నుంచి బయటికి తోసేస్తుంది. ఇంగ్లండ్‌లో ఇంటి కాన్సంట్రేటర్‌కు అయిన కరెంటు ఖర్చును రోగికి తిరిగి ఇస్తారు. ఇక్కడ అలాంటి ఇళ్లకు మినహాయింపు ఇస్తే ఖజానాకు పెద్ద భారమేం కాదు, ఎందుకంటే అర్హులైన రోగుల సంఖ్య తక్కువ.

టీకాల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని మార్గదర్శకం అంటుంది, పెద్దవాళ్లకు అది ప్రభుత్వ ఉచిత టీకాల్లో లేదు. వ్యాయామ శిక్షణ మీద ఆధారాలు ఇన్‌హేలర్‌కు తీసిపోనంత బలంగా ఉన్నాయి. కానీ వారానికి రెండు రోజుల చొప్పున 6 నుంచి 8 వారాలు ఆసుపత్రికి రావాలి. అంటే 12 నుంచి 16 రోజుల కూలి. పొద్దున క్యాంపస్ రోడ్ల మీద ఆరోగ్యం కోసం నడిచేవాళ్లు, అదే రోడ్లను వాళ్లకంటే ముందు ఊడ్చిన మనిషి కనిపిస్తే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు.

ఖర్చు తగ్గించే చిట్కా ఒకటుంది. నొక్కి పీల్చే ఇన్‌హేలర్‌ను నేరుగా నోట్లో కొట్టుకుంటే మందు చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. మధ్యలో స్పేసర్ అనే డబ్బా ఉండాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు అర లీటరు ప్లాస్టిక్ బాటిల్ అడుగున రంధ్రం చేసి, ఇన్‌హేలర్ మూతి అందులో బిగుతుగా అమర్చి వాడి చూశారు. గాలి పోకుండా అతికిస్తే అది కొన్న స్పేసర్‌లాగే పనిచేసిందని 1999లో లాన్సెట్‌లో రాశారు. అది ఆస్తమా పిల్లల మీద చేసిన అధ్యయనం. సీఓపీడీ ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌నో నర్సునో అడిగి వాడటం మంచిది. పొడి మందు పీల్చే రకానికి స్పేసర్ పనికిరాదు.

ఇన్ని రాసిన మార్గదర్శకాల్లో మొదటి సలహా, జబ్బుకు కారణమైన పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండమని. బీడీ తాగే మనిషికి ఆ మాట అర్థమవుతుంది. మానేస్తే మందులేవీ ఇవ్వలేని లాభం నిజంగానే వస్తుంది. రోడ్డు ఊడ్చే మనిషికి అదే సలహా ఇస్తే ఉద్యోగం మానెయ్యమని అర్థం. ఇక్కడ పాటించాల్సింది రోగి కాదు, పని ఇచ్చేవాడు. పొడి చీపురుతో ఊడిపించే ముందు నీళ్లు చల్లించడం, దుమ్మును ఆపే అసలైన మాస్కు ఇవ్వడం, ఏడాదికోసారి స్పైరోమెట్రీ చేయించడం, ఊపిరి తగ్గినట్టు తేలితే జీతం తగ్గించకుండా వేరే పనికి మార్చడం. ఈ ఖర్చులు ఏ ఆరోగ్య ఆర్థికశాస్త్ర పట్టికలోనూ "చికిత్స ఖర్చు" గడిలో కనిపించవు.

సమాచార హక్కు దరఖాస్తు వేసే అలవాటున్న మిత్రులకు కొన్ని ప్రశ్నలు. గత మూడేళ్లలో జిల్లాలోని బస్తీ దవాఖానాలకు టియోట్రోపియం ఇన్‌హేలర్లు ఎన్ని ఇండెంట్ పెట్టారు, ఎన్ని అందాయి, ఎన్ని నెలలు స్టాకు లేదు? స్పైరోమీటర్ ఎన్ని ప్రభుత్వ కేంద్రాల్లో ఉంది, నెలకు ఎన్ని పరీక్షలు చేశారు? పారిశుధ్య కార్మికుల్లో ఎందరికి ఊపిరి పరీక్ష జరిగింది, పర్మినెంట్ వాళ్లెందరు, ఔట్‌సోర్సింగ్ వాళ్లెందరు? 30 రోజుల్లో జవాబు రావాలి, దారిద్య్రరేఖ కింద ఉన్నవాళ్ల పేరుతో వేస్తే ఫీజు ఉండదు. ఇంకొకటి కూడా అడగండి: ఓపీ చీటీలో పొగతాగుతారా అన్న ప్రశ్న పక్కన, ఏం పని చేస్తారు అన్న గడి ఉందా?